మండుటెండలో పచ్చి ముక్కల పళ్ళెము

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల రైతు కుటుంబములకు చేసిన ప్రసంగ పాఠము)



ఈనాటి మాట పంటను గురించి కాదు, పళ్ళెమును గురించి. అయినను ఈ మాట చివరకు పంటవద్దకే వచ్చి చేరునని మీరే చూడగలరు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దల సామెత. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోనేమి, వనపర్తి చెలకలలోనేమి, నల్లమల అంచుననున్న పల్లెలలోనేమి, ఏప్రిలు, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుట మనకు కొత్త కాదు. ఆ దినములలో పొయ్యిముందు కూర్చుండుట ఒక శిక్ష. వండినది తినబుద్ధి కాకపోవుట రెండవ శిక్ష. పొద్దున చేసిన కూర మధ్యాహ్నమునకు వాసన పట్టును. అప్పుడేమి చేయుదురు? అన్నములో ఇంత తొక్కు కలుపుకొని, ఇంత చల్ల పోసికొని లేచిపోవుదురు. కడుపు నిండినట్లుండును గాని, ఎండలో పనిచేయు శరీరమునకు కావలసినది అందదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలలో మనిషి దినమునకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినవలెనని చెప్పినది. ఎండకాలములో మన ఇండ్లలో ఎక్కువగా తగ్గిపోవునది ఈ కూరగాయలే. ఆ లోటును పొయ్యి ముట్టించకుండ తీర్చగలది ఒకటున్నది. దానినే పట్టణములలో సలాడు అందురు.

సలాడు మనకు కొత్త కాదు

సలాడు అను పేరు విని అది హోటళ్ళ తిండి అని వెనుదీయవద్దు. ఆ మాట లాటిను భాషలో ఉప్పునకున్న పేరునుండి పుట్టినది. ఉప్పు చల్లిన పచ్చికూర అని దాని మొదటి అర్థము. ఆ పని మన ఇండ్లలో ఎన్నడో ఉన్నది. శ్రీరామనవమినాడు పానకముతో పాటు పంచిపెట్టు వడపప్పులో నానిన పెసరపప్పు, మామిడి తురుము, దోసముక్కలు కలుపుట చాల ఇండ్లలో కలదు. గద్వాలకు పొరుగుననున్న కన్నడ సీమలో దీనినే కోసంబరి అందురు. జొన్నరొట్టెతో ఉల్లిగడ్డ నంజుకొనుట, పెరుగులో దోసకాయ ముక్కలు వేసికొనుట ఇవన్నియు సలాడులే. పేరే వేరు.

మనకు లేనిది సలాడు కాదు, దానిని ప్రతిదినము తిను అలవాటు. అలవాటు కాకపోవుటకు కారణము రుచి. ముక్కలు చేదుగానుండును, వాడిపోయి యుండును, ఉప్పునీరు కారుచుండును. అట్టిదానిని పిల్లలు ముట్టరు. పెద్దలు మర్యాదకు రెండు ముక్కలు తీసికొందురు. వండిన కూరలో లోపమును తాళింపు కప్పిపుచ్చును, కారము కప్పిపుచ్చును. పచ్చిముక్కలో ఏదియు దాగదు. కాయ ఎట్లు పెరిగినదో, ఎప్పుడు కోసినదో, దానిపై ఏమి చల్లినదో నాలుకకే తెలియును. అందుచేత సలాడు రుచి వంటింటిలో కాదు, పాదువద్దనే పుట్టును. ఈ విషయములో పట్టణవాసికంటె రైతు అదృష్టవంతుడు. ఆ పాదు అతని చేతిలోనే యున్నది.

చేదు ఎక్కడినుండి వచ్చును?

కీరదోసలో చేదునకు కారణము కుకుర్బిటాసిన్ అను పదార్థము. కొన్ని రకములలో ఇది స్వభావముగానే ఎక్కువ. మంచి రకములలో కూడ తీగకు నీటి ఎద్దడి కలిగినప్పుడు, ఎండ తీవ్రత హెచ్చినప్పుడు ఇది పెరుగును. నాలుగు దినములు ఎండబెట్టి, అయిదవనాడు మడి నిండ నీరు కట్టినచో కాయ నిండును గాని చేదు పోదు. కొంచెము కొంచెముగా, తరచుగా తడి ఇచ్చుటయే మందు. పాదు చుట్టును వరిగడ్డిగాని పల్లీపొట్టుగాని పరచినయెడల తడి నిలుచును. పడమటివైపున రెండు సాళ్ళు మొక్కజొన్న వేసినచో మధ్యాహ్నపు ఎండనుండి తీగకు నీడ దొరకును.

చేదు ఎక్కువగా తొడిమవైపునను, తోలుక్రిందను ఉండును. కనుక తొడిమవైపు రెండంగుళములు తీసివేసి, ఒక ముక్క కొరికి చూచిన తరువాతనే మిగిలినది తరుగవలెను. మన ఇల్లాండ్రు దోసకాయను చేదు చూడక కూరలో వేయరు. ఆ జాగ్రత్త పచ్చిముక్కలకు మరింత అవసరము. చేదుగానున్న కాయను ఉప్పు, నిమ్మరసము వేసి తినవచ్చునని అనుకొనవద్దు. పారవేయుడు. చేదు సొరకాయ రసము త్రాగి కొందరు ప్రాణములు కోల్పోయినందున, భారత వైద్య పరిశోధనా మండలి నిపుణులు ఆ సంగతిని విచారించి, చేదుగానున్న రసమును త్రాగరాదని 2012లో ప్రచురించిన నివేదికలో హెచ్చరించిరి. సొర, దోస ఒకే కుటుంబమునకు చెందినవి.

కాయలను లేతగా నుండగనే కోయవలెను. ముదిరిన కాయలో గింజ గట్టిపడి రుచి చెడును. అంతేకాదు, ముదిరిన కాయ తీగపై నిలిచినచో క్రొత్త పిందె తగ్గును. దినము విడిచి దినము కోసినయెడల తీగ ఎక్కువకాలము కాచును.

మందు కొట్టిన మడి పచ్చితిండికి పనికిరాదు

ఇక ముఖ్యమైన సంగతి. వండిన కూరకు కొంత రక్షణ కలదు. నిప్పు సూక్ష్మజీవులను చంపును. పచ్చిముక్కకు ఆ రక్షణ లేదు. పొలములో దానిపై పడినది మన నోటిలో పడును.

గద్వాల ప్రాంతము ప్రత్తి విత్తనోత్పత్తికి పేరు పొందినది. మిరపయు విస్తారముగా సాగగుచున్నది. ఈ రెండు పైరులకును పురుగుమందుల వాడకము ఎక్కువ. ఆ మడి గట్టుమీద నాలుగు దోసపాదులు పెట్టుకొనుట మనలో అలవాటు. మందు జల్లు గాలికి ఆ తీగలపై పడును. ఆ కాయలనే మధ్యాహ్నము అన్నములోకి కోసికొందుము. ఈ అలవాటును మానవలెను. పచ్చిగా తిను కూరగాయలకు ఇంటి పెరడుగాని, మందు జల్లు చేరని బోరువద్ది చోటుగాని కేటాయింపుడు.

ప్రత్తికి మిగిలిన మందును పెరటి తీగలకు చల్లుట మరింత ప్రమాదము. మోనోక్రోటోఫాస్ మందును కూరగాయలపై వాడుట 2005 నుండియే నిషేధము. ఆ మందు ఎంత చెరుపు చేయగలదో తెలిపిన దుర్ఘటన ఒకటున్నది. 2013 జూలైలో బీహారు రాష్ట్రములోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో తేలినది. కావున మందు డబ్బాను ఎంత కడిగినను నీటికి, నూనెకు, ఉప్పునకు వాడరాదు. ఖాళీ డబ్బాకు చిల్లులు పొడిచి, ఎవరును ఎత్తుకొనిపోకుండ చేయుడు.

పెరటి తీగలపై పేను, పచ్చదోమ కనబడినచో వేపగింజల కషాయము చాలును. 500 గ్రాముల వేపగింజల పొడిని గుడ్డలో మూటగట్టి రాత్రంతయు నీటిలో నానబెట్టి, ఉదయము పిండి, 10 లీటర్ల నీటికి సరిపెట్టి, కొంచెము సబ్బుపొడి కలిపి సాయంకాలము చల్లవలెను. ఉదయము చల్లరాదు. అప్పుడు తేనెటీగలు పూలపై వ్రాలును. ఈగ వ్రాలనిది చాల రకముల దోసకు కాయ పట్టదు. తప్పనిసరియై వేరే మందు వాడినచో, ఆ పైరుకు సిఫారసు చేసినదేనా అని, చల్లిన తరువాత ఎన్ని దినములు కోయకుండ ఆగవలెనని డబ్బాతో ఇచ్చిన కాగితముపై చూచుకొనుడు. ఆ గడువు తీరువరకు ఒక్క కాయయు ఇంటికి రాకూడదు.

పెరటికి బాగుగా మాగిన ఎరువునే వేయవలెను. పచ్చిపేడ, మురుగునీరు, బట్టలుతికిన నీరు పచ్చిగా తిను కూరలకు తగవు.

కోత, నిలువ

కాయకు కోత వేళ ముఖ్యము. రాత్రి చల్లదనములో కాయ నీటిని నింపుకొనును. ఎండ ఎక్కినకొలది ఆకులు ఆ నీటిని గాలికి వదలును. పగలు రెండు గంటలకు కోసిన కాయ అప్పటికే వాడి, వేడెక్కి యుండును. సూర్యోదయమునకు ముందు కోసిన కాయ నోటిలో కరకరలాడును. అదే తీగ, అదే కాయ. వేళ మాత్రమే వేరు.

ఫ్రిజ్ లేనియింట కూడ కాయలను చల్లగా నుంచవచ్చును. పెద్ద కుండలో చిన్న కుండ నుంచి, నడుమ ఇసుక నింపి, ఆ ఇసుకను పొద్దున, సాయంత్రము తడుపుడు. లోపలి కుండలో కాయలుంచి, పైన తడిగుడ్డ కప్పుడు. రంజనులో నీరు చల్లబడుటకు ఏది కారణమో ఇక్కడను అదియే. తడి ఆరునప్పుడు వేడిని తీసికొనిపోవును. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు 1980 దశకములో ఇటుక, ఇసుకలతో తీర్చిన శీతల గది కూడ ఈ సూత్రముపైననే పనిచేయును. గాలి పొడిగా నున్నచోట ఇది బాగుగా పనిచేయును. మన ఎండకాలపు గాలి పొడిగాలియే గదా!

కడుగుట, తరుగుట, ఉప్పు వేయుట

మొదట పారునీటిలో చేతితో రుద్ది కడుగవలెను. తరువాత లీటరు నీటికి 20 గ్రాముల ఉప్పు కలిపి, అందులో కొంతసేపు ఉంచి, త్రాగునీటితో మరల కడుగవలెను. దీనివలన పైనున్న దుమ్ము, మందు కొంతవరకు పోవును. కాయ లోపలికి ఇంకిన మందు మాత్రము ఏ కడుగుటకును పోదు. ఆ పని పొలములోనే కావలెను. మాంసము కోసిన కత్తిపీటను కడుగకుండ దీనికి వాడరాదు.

తరుగుట భోజనమునకు కూర్చుండుటకు పావుగంట ముందు చాలును. ఉప్పు, నిమ్మరసము కంచము ముందు కూర్చున్న తరువాతనే. కారణము మీకు తెలిసినదే. చవుడు నేలలో మొక్క నీటిని పీల్చుకొనలేక వాడును. అట్లే ఉప్పు ముక్కలోని నీటిని వెలుపలికి లాగును. అరగంట ముందు ఉప్పు కలిపినచో ముక్క మెత్తబడి గిన్నె అడుగున నీరు నిలుచును. సలాడు చెడిపోవుటకు ఇంతకంటె పెద్ద కారణము లేదు. తరిగినది ఈ ఎండలో గంటకు మించి నిలువ యుంచవద్దు.

పల్లీ మన బలము

ముక్కలు మాత్రమే తిన్నచో దాహము కొంత తీరును గాని ఆకలి తీరదు. కీరదోసలో నూటికి 95 పాళ్ళు నీరే. దానికి బలము చేర్చునది మన యాసంగి పల్లీ. వనపర్తి, నాగర్‌కర్నూలు రైతులు ఎండలు ముదరకముందే ఈ పంటను ఇల్లు చేర్చుకొందురు. పల్లీలో నాలుగవ వంతు మాంసకృత్తులు, సగమునకు దగ్గరగా నూనె కలవు. పంటనంతటిని మార్కెట్టుకు తోలక, ఎండకాలపు నాలుగు నెలలకు ఇంటికి 15 కిలోల గింజలు మిగుల్చుకొనుడు. దినమునకు 100 గ్రాముల చొప్పున అయిదుగురుండు ఇంటికి 12 కిలోలు సరిపోవును. మిగిలినది ఏరివేతకు పోవును.

ఏరివేత ఎందుకనగా, బూజు పట్టిన, ముడుతలు పడిన, రంగు మారిన గింజలలో అఫ్లాటాక్సిన్ అను విషముండవచ్చును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినప్పుడు, వాటి మేతలోని వేరుశనగ పిండిలో ఈ విషము బయటపడినది. ఇది కాలేయమును చెరచును. వేయించినంత మాత్రమున పూర్తిగా నశించదు. కావున గింజలను చాటలో పోసి ఏరి, అనుమానముగల ప్రతి గింజను పారవేయుడు. పశువులకు కూడ పెట్టవద్దు.

మరియొక హెచ్చరిక. విత్తుటకు మందు పట్టించిన గింజలు మిగిలినచో, అవి పల్లీలైనను పెసలైనను, తినుటకు పనికిరావు. మొలకలకును పనికిరావు. వాటిని తిండిగింజలున్న గదిలోనే ఉంచరాదు.

నాలుగు విధములు

అయిదుగురికి సరిపోవు కొలతలు చెప్పుచున్నాను.

మొదటిది, పల్లీ కీర. అరకిలో కీరదోస, ఒక ఉల్లిగడ్డ, ఒక పచ్చిమిరపకాయ సన్నగా తరుగుడు. 100 గ్రాముల పల్లీలను దోరగా వేయించి, పొట్టు చెరిగి, రోటిలో కచ్చాపచ్చాగా దంచుడు. కొత్తిమీర, ఒక నిమ్మకాయ రసము, అర చెంచా ఉప్పు చివరకు కలుపుడు. పల్లీపొడి ముక్కల తడిని పీల్చుకొనును. జొన్నరొట్టెకు ఇంతకంటె మంచి జోడు లేదు.

రెండవది, మామిడి వడపప్పు. 100 గ్రాముల పెసరపప్పును గంటసేపు నానబెట్టి నీరు వంపుడు. కొల్లాపూరు తోటలలో గాలికి రాలిన పచ్చికాయ యొకటి తురిమి కలుపుడు. గుప్పెడు దోసముక్కలు, కొంచెము కొబ్బరి చేర్చుడు. మామిడి పులుపున్నచో నిమ్మ అక్కరలేదు. కావలసినవారు ఆవాలు, కరివేపాకు తాళింపు వేసికొనవచ్చును.

మూడవది, మొలకల గంగవాయిలి. 100 గ్రాముల పెసలను రాత్రి నానబెట్టి, ఉదయము తడిగుడ్డలో కట్టినచో ఎండకాలములో సాయంత్రమునకే మొలక వచ్చును. లేత గంగవాయిలి ఆకులు, టమాట, ఉల్లి, నిమ్మరసము కలుపుడు. గంగవాయిలి కూరను మనము కలుపుమొక్కగా పీకి గట్టుపై వేయుదుము. ఎండకు బెదరక పెరిగి, పుల్లగా, రసముతో నుండు ఆకు ఇంతకంటె వేరొకటి ఏది? అయితే కలుపుమందు చల్లిన చేనిలోనిది తేవద్దు. మూత్రపిండములలో రాళ్ళున్నవారు దీనిని మానవలెను. మొలకలను ఆనాడే తినవలెను. గర్భిణులకు, చిన్నపిల్లలకు, వృద్ధులకు ఆవిరిపై ఉడికించి పెట్టుడు.

నాల్గవది, పెరుగు ముక్కలు. లేత దోస, ముల్లంగి సన్నగా తరిగి, తీయని గట్టిపెరుగులో వేసి, వేయించిన జీలకర్రపొడి చల్లుడు. పుల్లపెరుగు దీనికి తగదు. ఉప్పు మరల చివరనే.

పొలమునకు సద్ది

ఇంటివద్ద తినువారికి చెప్పిన మాటలు పొలములో తినువారికి చాలవు. పొద్దున తరిగి డబ్బాలో పెట్టిన ముక్కలు పన్నెండు గంటలకు ఉడికినట్లగును. కాయలను కడిగి, తుడిచి, తరుగక తడిగుడ్డలో చుట్టి తీసికొనిపోవుడు. ఒక చిన్న కత్తి, రెండు నిమ్మకాయలు, కాగితము పొట్లములో ఉప్పు, మరియొక పొట్లములో పల్లీపొడి చాలును. చెట్టు నీడన తరిగి అక్కడనే తినుడు. కూలికి వచ్చినవారికిని ఇదియే పెట్టుడు. ఎండలో వంగి పనిచేయునది వారే.

ఇంటిలో అందరును తిన్నపిదప మిగిలినది తినునది మన ఇల్లాలు. వండిన కూర మిగిలినను కూరయే. సలాడు మిగిలినచో వాడిన ముక్కలు, ఉప్పునీరు. కావున దీనిని అందరును ఒకే పంక్తిని కూర్చుండి తినవలెను, లేదా ఆమె భాగమును ఉప్పు కలుపక, తరుగక వేరుగా ఉంచవలెను. తీగకు నీరు పోసిన చేతికి వాడిన ముక్క మిగులుట న్యాయము కాదు.

మరియొక మాట. సలాడు నీటికి బదులు కాదు. 200 గ్రాముల కీరదోసలోనున్న నీరు ఒక గ్లాసునకు మించదు. ఎండలో పనిచేయువారు గంటగంటకు నీరు, చల్ల త్రాగుచుండవలెను. ఎవరికైనను ఒళ్ళు కాలుచు, మాట తడబడుచు, తెలివి తప్పుచున్నచో అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసరుచు, 108 వాహనమును పిలువుడు. తెలివి లేనివారి నోటిలో ఏదియు పోయవద్దు.

ఎప్పుడేమి విత్తవలెను?

శ్రీరామనవమి నాటికి దోస కాపునకు రావలెనన్నచో ఫిబ్రవరి మొదటివారములో విత్తవలెను. విత్తిన 45, 50 దినములకు కోత మొదలగును. అయిదుగురుండు ఇంటికి ఎనిమిది పాదులు చాలును. పాదుకు మూడు గింజలు వేసి, మొలచిన తరువాత రెండు ఉంచుడు. మార్చి మొదటివారములో మరల నాలుగు పాదులు పెట్టినచో మే నెలకు కూడ కాయ దొరకును. ముల్లంగిలో పూసా చేత్కి రకము వేడికి తట్టుకొనును. 45 దినములలో చేతికి వచ్చును. కొత్తిమీరను పందిరి నీడన, పదిహేను దినములకొక చిన్న మడిచొప్పున చల్లుడు. టమాటకు మే ఎండలో పూత రాలును. దానిపై ఆశ పెట్టుకొనక మామిడి, నిమ్మల పులుపుతో సరిపెట్టుకొనుడు. విత్తనములు, రకముల విషయమున పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానమునుగాని, మోజర్ల ఉద్యాన కళాశాలనుగాని సంప్రదింపుడు.

ఎకరములకొలది పంట తీయు రైతునకు ఎనిమిది పాదులు లెక్కలోనివి కావు. కాని ఆ ఎకరముల పంట లారీలకెక్కి పరుల కంచములలోనికి పోవును. ఈ ఎనిమిది పాదుల కాయ మీ కంచములోనికి, మీ పిల్లల కంచములోనికి వచ్చును. బిడ్డ చేతికి పచ్చిగా, నిర్భయముగా అందించదగిన కాయను పండించుటకంటె రైతు తన యింటికి చేయగల మేలు వేరొకటి లేదు. వచ్చు ఫిబ్రవరిలో గింజలు సిద్ధముగా నుంచుకొనుడు.